నాన్న ఫోనులో చిప్పు

"తియ్యొద్దు సార్, ఆగున్రి!"

సిమ్ ట్రే రంధ్రంలో పిన్ను గుచ్చబోతున్న నా చెయ్యి అక్కడే ఆగింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్. మెట్ల కింద జాగా మిగిలితే అందులో ఒక బల్ల ఇరికించినట్టున్న రిపేరు కొట్టు. బల్ల మీద మైక్రోస్కోపు, వేడిగాలి గన్ను, కంటికి ఆనని స్క్రూలు అంటుకున్న అయస్కాంతపు పళ్లెం, కీలు విరిగి గోడకు చేరగిలబడిన ల్యాప్‌టాప్. బల్ల అవతల ఉన్న కుర్రాడిది నల్లగొండ వైపు. పదో తరగతి అయ్యాక ఇక్కడికొచ్చి పని నేర్చుకున్నాడట.

ఫోను నా చేతిలోంచి తీసుకుని సెట్టింగుల్లో స్టోరేజ్ తెరిచాడు. "చిప్పును ఇంటర్నల్ చేసిన్రు. ఇప్పుడు పీకితే సగం యాప్‌లు మాయమైతయ్. ఎవరు చేసిన్రు సార్ ఇది?"

"నేనే" అన్నాను.

అది మా నాన్న ఫోను. ఆయన కావలిలో ఉంటారు. ఫోనులో సొంత స్టోరేజ్ 16 జీబీలే. పొద్దున లేస్తే పూలదండల గుడ్ మార్నింగులు, పెళ్లి వీడియోలు, ప్రవచనాలు. రెండేళ్ల కిందట అది నిండిపోయి కొత్త ఫొటో తీయనివ్వనంది. ఫుట్‌పాత్ మీద ఒక 64 జీబీ మెమరీ కార్డు, అదే చిప్పు, కొని వేశాను. పోర్టబుల్‌గా వాడతావా, ఇంటర్నల్‌గా వాడతావా అని ఫోను అడిగింది. ఇంటర్నల్ నొక్కాను. ఈ కార్డు నెమ్మదిగా ఉంది, యాప్‌లు తడబడవచ్చు అని హెచ్చరించింది కూడా. దాన్నీ దాటేశాను. 16 జీబీల ఫోనును ఒక్క వేటుతో 80 జీబీలు చేశానని ఆ పూట నాకు ఎంత గర్వమో!

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది. వాట్సాప్ నొక్కితే తెల్లతెర. ఫోన్ మోగితే పేరు కనపడేలోపు అవతలివాళ్లు పెట్టేసేవాళ్లు. "ఏరా అబ్బాయ్, ఈ ఫోను నాకంటే ముసలిదైపోయిందిరా" అన్నారు నాన్న. పక్కింటాయన మొత్తం రీసెట్ కొట్టేయమని సలహా ఇచ్చాడు. నేను హైదరాబాద్ తీసుకెళ్లి చూపిస్తానని పట్టుకొచ్చాను.

రీసెట్ మాట చెప్పగానే కుర్రాడు తల పట్టుకున్నాడు. "కొట్టలేదు గద? బతికిపోయిన్రు సార్."

ఎందుకో తర్వాత చెప్పాడు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో కార్డును ఇంటర్నల్‌గా కలుపుకునే వీలు వచ్చింది. అలా కలుపుకున్నప్పుడు ఫోను ఆ కార్డును పూర్తిగా చెరిపి, తనకే అర్థమయ్యేలా తాళం వేసి రాస్తుంది. ఆ తాళంచెవి కార్డులో ఉండదు, ఫోను సొంత స్టోరేజ్‌లో ఉంటుంది. కార్డు తీసి వేరే ఫోనులో పెట్టినా, కంప్యూటర్లో పెట్టినా ఏమీ కనపడదు. ఫోనును రీసెట్ చేస్తే తాళంచెవి పోతుంది, దానితో కార్డులో ఉన్నదంతా పోయినట్టే. అందులో మా అక్క మనవడి అన్నప్రాశన ఫొటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పక్కింటాయన మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుని ఒక టీ తెప్పించుకున్నాను.

ఉన్న దారి ఒకటే. చిప్పు ఫోనులో ఉండగానే కేబుల్ వేసి, ఫొటోలూ వీడియోలూ ల్యాప్‌టాప్‌లోకి దింపడం. 38 జీబీలు. సెకనుకు నాలుగైదు ఎంబీల కంటే కదల్లేదు. రెండు గంటల పైమాటే. స్టూలు ఒకటి నా వైపు తోశాడు. కూర్చున్నాను.

ఆ రెండు గంటల్లో నేను చూసింది ఏ కంపెనీ ప్రకటనలోనూ దొరకదు.

మొదట ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. ఫోను హ్యాంగ్ అవుతోందట, ర్యామ్ పెరగడానికి పెద్ద చిప్పు వేయమన్నాడు. రోజూ పదిమంది ఇలాగే అడుగుతారని కుర్రాడు నా వైపు చూసి నవ్వాడు. ర్యామ్ వంటింటి గట్టు. ఇప్పుడు చేసే పనికి కావలసినవి అక్కడ పరుచుకుంటాం. స్టోరేజ్ సామాన్ల గది, చిప్పు పెరట్లో పాక. పాక ఎంత పెద్దది కట్టినా గట్టు వెడల్పు కాదు. మేస్త్రీ ఫోనులో మాత్రం సామాన్ల గది గుమ్మం దాకా నిండి ఉంది. వీడియోలన్నీ చిప్పులోకి మార్చి, ఒకసారి ఆపి ఆన్ చేస్తే ఫోను కాస్త తేరుకుంది. చిప్పు వల్ల వేగం వచ్చిందనుకుంటూ మేస్త్రీ వెళ్లిపోయాడు. నిజానికి లోపల ఖాళీ దొరకడం వల్ల వచ్చింది. ఫోను స్టోరేజ్‌లోనూ చిప్పులోనూ ఉండే ఫ్లాష్ మెమరీకి మసలడానికి కొంత ఖాళీ కావాలి.

ఎందుకు కావాలో చెప్పాలంటే పలక గుర్తుచేసుకోవాలి. ఈ మెమరీలో రాయడం చిన్న చిన్న గళ్లలో సాగుతుంది, చెరపడం మాత్రం పెద్ద దిమ్మ దిమ్మగానే కుదురుతుంది. ఒక అక్షరం దిద్దాలంటే పలకంతా తుడవాలన్నమాట. మిగతా రాతను ఇంకో పలక మీదికి ఎక్కించి, దీన్ని తుడిచి, అప్పుడు రాయాలి. ఈ గుమస్తా పని చేయడానికి గోరంత చిప్పులో కూడా ఒక బుల్లి ప్రాసెసర్ ఉంటుంది. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మందం. అందులోనే మెమరీ, అందులోనే దానికో గుమస్తా. ఖాళీ పలకలు చాలినన్ని ఉంటే గుమస్తా చకచకా నడుస్తాడు. చిప్పును అంచు దాకా నింపేస్తే ప్రతి రాతకీ ఎత్తడం, తుడవడం, మళ్లీ పెట్టడం. ఈలోపు ఫోను ఆగి చూస్తుంటుంది. మనం హ్యాంగ్ అయిందని అనేది చాలాసార్లు ఈ ఆగి చూడటాన్నే.

"మరి డబ్బా మీద వంద ఎంబీ స్పీడని రాస్తారు కదా తమ్ముడూ?" అని అడిగాను.

అప్పుడతను చెప్పిన పోలిక నాకు ఇప్పటికీ గుర్తు. "బియ్యం బస్తా గోదాంలకెళ్లి తెచ్చుడు వేరే సార్. వంద మందికి పావుకిలో లెక్కన జోకుడు వేరే."

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది బస్తా లెక్క. సినిమా లాంటి పెద్ద ఫైలును ఏకధారగా చదివే వేగం. క్లాస్ 4, క్లాస్ 10 అనే గుర్తులు, యూ1, యూ3, వీ30 అన్నీ ఏకధారగా రాసేటప్పుడు సెకనుకు కనీసం ఇన్ని ఎంబీలు తగ్గనివ్వనని ఇచ్చే మాటలు. క్లాస్ 10, యూ1 అంటే 10 ఎంబీలు. యూ3, వీ30 అంటే 30. వీడియో తీసేవాళ్లకు ఇది ప్రాణం. యాప్ పని అలా ఉండదు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తే నాలుగు చోట్ల నాలుగు చిటికెళ్లు రాసుకోవాలి. ఎన్ని చిటికెళ్లు తూచగలదో చెప్పేది ఏ1, ఏ2 అనే గుర్తులు. ఇవి 2016 చివర్లో, 2017లో వచ్చినవి. ఏ1 కార్డు సెకనుకు కనీసం 1500 సార్లు చదవగలగాలి, 500 సార్లు రాయగలగాలి. ఏ2 అయితే 4000, 2000. కాకపోతే ఏ2 సత్తా బయటపడాలంటే ఫోను కూడా ఆ పద్ధతికి తయారై ఉండాలి. లేకపోతే ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది పెట్టెలో దాచుకున్నట్టే.

ఏ1 ఉన్నా సరే, ఫోనులోపలి స్టోరేజ్‌తో చిప్పు సరితూగదు. యూహెచ్‌ఎస్-1 రకం కార్డుకు దారి వెడల్పే సెకనుకు 104 ఎంబీలు. చవక ఫోన్లలో లోపలి స్టోరేజ్‌గా వాడే ఈఎంఎంసీ 5.1కి అది 400. ఖరీదైన ఫోన్లలోని యూఎఫ్‌ఎస్ వేలల్లోకి వెళ్లింది. సామాన్ల గదికీ పెరటి పాకకీ మధ్య నడక దూరం ఎప్పుడూ ఉంటుంది.

ఈ మాటల్లో ఉండగానే ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ ఫిర్యాదు వింటే ఒళ్లు జలదరించాలి. రాత్రి డిలీట్ చేసిన ఫొటోలు పొద్దున్నే మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయట! ఫార్మాట్ కొట్టినా అంతే, ఫోను ఆపి ఆన్ చేస్తే అన్నీ అక్కడే. "దయ్యం గియ్యం కాదమ్మా, చిప్పు ముసల్దైంది" అన్నాడు కుర్రాడు. మెమరీ గళ్లు ఇన్నిసార్లే చెరిపి రాయించుకుంటాయి. ఆయుష్షు తీరాక కొన్ని కార్డులు రాయడం పూర్తిగా మానేసి, చదివించుకోవడానికి మాత్రం ఒప్పుకుంటాయి. డిలీట్ చేశామని ఫోను అనుకుంటుంది, కార్డు పట్టించుకోదు. ఉన్నవి కాపీ తీసుకుని కొత్తది కొనుక్కోవాల్సిందే. ఒక రకంగా మంచి చావు అది. ఉన్నదంతా వారసులకు అప్పగించి పోతుంది.

తర్వాత వచ్చిన డెలివరీ కుర్రాడి కార్డుది అసలు చావే కాదు, మోసం. మీద 128 జీబీ అని ముద్ర. ఫొటోలు తీసిన కొత్తలో బాగానే ఉండి, తర్వాత బూడిదరంగు చతురస్రాలుగా మారుతున్నాయి. కొట్టు కుర్రాడు ఆ కార్డును రీడర్లో పెట్టి ల్యాప్‌టాప్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే జర్మన్ ప్రోగ్రామ్ నడిపాడు. అది కార్డు నిండా రాసి, రాసింది రాసినట్టు ఉందో లేదో తిరిగి చదువుతుంది. నిండేదాకా ఆగలేదు, కాసేపు రాయించి ఆపి చూశాడు. మొదటి 8 జీబీల తర్వాత అంతా చెత్తే. నేను ఇందాక చెప్పిన గుమస్తా ఉన్నాడే, వాడి చేత అబద్ధమాడిస్తారు. లోపల ఎనిమిదే ఉన్నా 128 ఉన్నాయని ఫోనుకు చెబుతాడు. ఫోను నమ్మి రాస్తూ పోతుంది.

మధ్యలో జనం పలచబడ్డప్పుడు కొట్టు యజమాని వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన. ఒకప్పుడు ఇదే బల్ల మీద చిప్పుల్లో పాటలెక్కించేవాళ్లట. ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తే 2 జీబీల నిండా పాటలు, అడిగితే రెండు సినిమాలు. సంక్రాంతికి ఊళ్లకు పోయేవాళ్లు వరసలో నిలబడేవాళ్లట. 2016 సెప్టెంబరులో చవక ఇంటర్నెట్‌తో జియో వచ్చాక ఆ వరస ఏడాది తిరక్కుండానే మాయమైంది. "అప్పుడు చిప్పుల పాటలుండె, ఫోను ఫోనే ఉండె. ఇప్పుడు ఫోన్ పనంత చిప్పు మీద ఏస్తున్నరు" అన్నాడు ఆయన. నా వైపు చూసి అన్నాడో లేదో గాని, నాకు తగిలింది.

కాపీ పూర్తయింది. ఫొటోలు తెరిచి చూసుకున్నాను, పిల్లవాడు పాయసం మూతికి పూసుకుని ఉన్నాడు. అప్పుడు కొట్టు కుర్రాడు యాప్‌లను ఒక్కొక్కటిగా ఫోను సొంత స్టోరేజ్‌లోకి మార్చాడు. నాన్న ఎప్పుడూ తెరవని ఆటలూ, ఫోనుతో పాటు వచ్చిన షాపింగ్ యాప్‌లూ తీసేశాడు. చివరికి కార్డును పోర్టబుల్‌గా ఫార్మాట్ కొట్టి బయటికి తీశాడు. నాది కూడా దొంగ కార్డేనేమో, ఆ నెపమైనా దొరుకుతుందేమో అనుకుని, దాని మీదా ఆ జర్మన్ ప్రోగ్రామ్ నడపమన్నాను. తప్పు దొరకలేదు. భూతద్దం కింద పెడితే సీ అక్షరం లోపల 4 అంకె కనపడింది. సెకనుకు 4 ఎంబీలకు తగ్గనన్నది, తగ్గలేదు కూడా. ఏ1, ఏ2 గుర్తులు మాత్రం లేవు. అది ఎవరినీ మోసం చేయలేదు. పాటలు మోయాల్సినదాని నెత్తిన వాట్సాప్‌ను కూర్చోబెట్టింది నేను.

ఏ1 గుర్తున్న 64 జీబీ కార్డు అక్కడే కొని పోర్టబుల్‌గానే వేయించాను. ఫొటోలు, ప్రవచనాలు, ఘంటసాల పాటలు అందులోకి వెళ్లాయి. కెమెరా తీసేవి నేరుగా చిప్పులోకే వెళ్లేలా పెట్టాడు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగడం ఆపేశాడు. ఇది చేయకపోతే ఆ 16 జీబీలు మళ్లీ మూణ్నెల్లలో నిండుతాయన్నాడు. వాట్సాప్ నొక్కి చూపించాడు. కొత్త ఫోనంత వేగం కాదు, పాత ప్రాసెసరే కదా. తెల్లతెర మాత్రం లేదు.

పాత కార్డు ఏం చేయమంటారని అడిగాడు. పాటలకు పనికొస్తుంది కదా, జేబులో వేసుకున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో చిప్పు ఉంటే ఈ ఆదివారం సెట్టింగుల్లో స్టోరేజ్ తెరిచి చూడండి. పోర్టబుల్ అని ఉంటే ఎంత నిండిందో చూసి, కొంత ఖాళీ చేయండి. ఇంటర్నల్ అని ఉంటే మాత్రం చిప్పు పీకకండి, రీసెట్ కొట్టకండి. ముందు కేబుల్ వేసి ఫొటోలు దింపుకోండి.