తాతగారి సందేహము

నడికుడి రైలు కూడలి. గుంటూరునుండి వచ్చు ఇనుపదారి అచ్చట రెండుగా చీలి, ఒకటి మాచర్లకును, వేరొకటి కృష్ణానదిని దాటి బీబీనగరమువైపునకును పోవును. ఆ స్టేషనులో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధుడొకడు కొడుకు ఇంట కాలము గడుపుచుండెను. ఆయనకు ఆరేండ్ల మనుమడు కలడు. తాతగారి నులకమంచమే వాని బడి.

పల్నాటివారికి కథలకు కొదువ లేదు. ఏటేట కార్తికమాసమున కారెంపూడిలో వీరుల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ అయిదు దినములకును అయిదు పేర్లు. పన్నెండవ శతాబ్దమున నాగులేటి ఒడ్డున నేలకొరగిన వీరులను, వారి ఆయుధములను జనులు నేటికిని కొలుచుచున్నారు. అట్టి సీమలో పుట్టిన బాలునకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఇరుగుపొరుగువారివలె పరిచితులగుటలో వింత యేమున్నది?

ఒకనాడు ఆ బాలుడు, “తాతా, బాలచంద్రుణ్ణి సినిమాలో చూపిస్తావా?” అని అడిగెను.

ఆ కథ రెండుమారులు ‘పల్నాటి యుద్ధం’ అను పేరనే తెలుగు చిత్రమైనది. మొదటిదానిని గూడవల్లి రామబ్రహ్మముగారు ప్రారంభించి, పూర్తిగాకమునుపే 1946లో కన్నుమూయగా, ఎల్.వి. ప్రసాదుగారు ముగించిరి, అది 1947లో వెలువడెను. రెండవది 1966లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున వచ్చినది. అందు బ్రహ్మనాయుడు నందమూరి తారకరామారావుగారు, నాగమ్మ భానుమతిగారు. తాతగారు చిన్ననాట డేరా సినిమాలో, నేలపై కూర్చుండి చూచినది ఈ రెండవదే. ఆ రాత్రి ఇల్లు చేరువరకు కఱ్ఱను కత్తిగా త్రిప్పుచు నడచిన జ్ఞాపకము ఆయనకింకను పోలేదు. ఇప్పుడు డేరాతో పని లేదు. కొడుకు చేతిలోని ఫోనులో ఏ చిత్రమైనను దొరకును. మనుమని కోరికకు ఆయన తక్షణమే తల యూపెను.

కోడలు మాత్రము ఒప్పుకొనలేదు. “మామయ్యా, మీరు చూసేనాటికి మీకు పన్నెండేళ్లు. వీడికి ఆరే గదా!” అనెను.

ఆమె జంకుటకు కారణమున్నది. అంతకు ముందటి వేసవిలో ఇంటిల్లిపాది కూర్చుండి 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ను చూచిరి. దేవుని కథ, అందులోను చిన్నపిల్లవాని కథ. సందేహ మెవరికి కలుగును? నరసింహస్వామి స్తంభమునుండి వెడలునపుడు పసివాడు బెదరునేమోయని తల్లి వాని కన్నులు మూయబోయెను. వాడు ఆమె చేతిని తొలగించి తేరిపార జూచెను, బెదరలేదు. కాని నాటినుండి పది దినములవరకు తండ్రి ఇంటిలో అడుగుపెట్టిన తోడనే వాడు అమ్మమ్మ చెంగు చాటునకు, లేదా తాతగారి మంచము చాటునకు పోవుచుండెను. కారణము ఎవ్వరికిని బోధపడలేదు. చివరకొకరాత్రి వాడే తల్లి చెవిలో, “నాన్నకి కోపమొస్తే నన్ను కూడా ఏనుగు కింద వేయిస్తాడా?” అని అడిగెను. పెద్దలు సింహమును జూచి జంకిరి. బిడ్డ జంకినది తండ్రిని జూచి.

ప్రభుత్వము ముద్ర వేయుచున్నది గదా, దానిని నమ్మరాదా యని ఆ ఇంటి పెద్దకొడుకే వాదించెను. 1952 నాటి చలనచిత్ర శాసనమున మొదట రెండే తరగతులు ముఖ్యముగా నుండెను: అందరును చూడదగినవి, పెద్దలు మాత్రమే చూడదగినవి. 1983లో నడిమి తరగతి యొకటి చేరినది. పన్నెండేండ్లలోపు వారికి తలిదండ్రుల ఆలోచన అవసరమని దాని భావము. 2023లో చేసిన సవరణ ఆ నడిమి తరగతిని మరల ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల మెట్లుగా విభజించినది. ఇది మేలైన మార్పే. ఏడేండ్లవానిని, పదునేడేండ్లవానిని ఒకే గాటను గట్టుట తగునా? అయినను ఆ మెట్లు తలిదండ్రులకు సలహాలే కాని, ఇంటి తలుపువద్ద నిలుచు కావలివారు కారు. పైగా ముద్ర వేయువారు చిత్రమును చూతురు. నడికుడిలోని ఈ పిల్లవానిని చూడలేరు.

తాతగారు కోడలితో వాదింపలేదు. అందరును నిద్రించిన పిమ్మట ఒంటరిగా కూర్చుండి చిత్రమును మరల చూచెను. ఈసారి తన కన్నులతో గాక మనుమని కన్నులతో చూడవలెనని ఆయన యత్నము. అది తేలిక గాదు. కథ యెరిగినవానికి తరువాత జరుగబోవునది ముందే తెలియును గనుక భయము సగము తగ్గును. రాయబారిగా వచ్చిన అలరాజు విషమునకు బలియగుట ఆయన వందసార్లు చెప్పిన కథయే; కాని అన్నము తినిపించు చేతిని నమ్ముట తప్ప వేరెరుగని ఆరేండ్లవాడు మరునాడు కంచము ముందు కూర్చుండి ఏమి తలపోయును? ఈ ప్రశ్న ఆయనకు ఇదివరకెన్నడును తట్టలేదు.

తాను కథ చెప్పునప్పటి రీతియు ఆయనకు స్ఫురించెను. పిల్లవాని కన్నులు పెద్దవైనచో ఆయన యుద్ధమును విడిచి గుఱ్ఱముల అలంకారములోనికి పోవును. వాడు ఆవులించినచో మరల కత్తులను తీయును. తెరమీది బొమ్మకు ఎదుటివాని ముఖము కనబడదు. అది నిలువదు, మళ్లదు, “ఇక చాలునా?” యని అడుగదు.

తెల్లవారిన పిమ్మట కోడలిని పిలిచి, “అమ్మాయీ, నీ మాటే నిజం. అయితే అసలే వద్దంటే వాడు చాటుగా చూస్తాడు. కోడిపందెం దాకా చూపిద్దాం. మాచర్లవారు వలస బయలుదేరగానే ఆపేద్దాం. ప్రక్కన నేనుంటాను” అనెను. ఆమె కొంత యోచించి, “నేనూ ఉంటాను” అనెను.

ఆదివారము మధ్యాహ్నము ముగ్గురును కూర్చుండిరి. చాపకూటి సంగతి వచ్చినప్పుడు, అన్ని కులములవారు ఒకే చాపపై ఎందులకు భుజించుచున్నారో తాతగారు చిత్రమును ఆపి చెప్పిరి. వాడు “మన బళ్లో అలాగే తింటాం గదా, అందులో గొప్పేముంది?” అనెను. తాతగారు నవ్వి, అందలి గొప్పతనము మరియొకప్పుడు చెప్పెదనని ముందునకు సాగిరి. కోడిపందెము వచ్చెను. బ్రహ్మనాయుని పక్షము ఓడెను. ఏడేండ్ల వలస నిర్ణయమైనది. తల్లి కొడుకు ముఖమునే చూచుచుండెను. అందు భయమేమియు కానరాలేదు. నిర్ణయించిన చోట చిత్రము ఆగినది.

“తాతా, ఓడిన కోడిని ఏం చేశారు?” అని వాడు అడిగెను.

డెబ్బదేండ్లుగా ఆ కథను విన్నవాడు, చెప్పినవాడు, రెండుమారులు చూచినవాడు. ఆ కోడి సంగతి ఆయన యెన్నడును ఆలోచింపలేదు. “నాకు తెలియదురా” అని ఉన్నమాట చెప్పెను.

వాడు మారు మాటాడక పెరటిలోనికి పోయెను. గంప క్రింద మూసిన కోళ్లను ఒక్కొక్కదానిని లెక్కించి, పుంజుకు గుప్పెడు నూకలు వేసి, అది తినునంతవరకు అచ్చటనే గొంతుకూర్చుండెను. ఆ రాత్రి తల్లి చాలసేపు మేలుకొని చెవియొగ్గి యుండెను. పిల్లవాడు కలవరింపలేదు.

మిగిలిన సగము ఎప్పుడు చూపుదురని వాడు నేటికిని అడుగుచున్నాడు. ముందుగా కారెంపూడికి తీసికొనిపోయి వీరులగుడిని, నాగులేటిని చూపెదనని తాతగారు చెప్పుచున్నారు. కార్తికమాసమునకు ఇంకను నాలుగు నెలలున్నవి.