రెండోసారి చూసిన ‘ఫాంటమ్’

న్యూయార్క్‌లోని 44వ వీధిలో మెజెస్టిక్ థియేటర్ ఉంది. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ సంగీత నాటకాన్ని 2009లో అక్కడే మొదటిసారి చూశాను. సురభి వారి మాయలు చూస్తూ పెరిగిన నన్ను సైతం, మొదటి అంకం చివర ప్రేక్షకుల తలల మీదుగా దూసుకువచ్చి వేదికపై పడే దీపాల గుత్తి నివ్వెరపరచింది. ఆ పాటలను తరువాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

వచ్చే ఏప్రిల్‌తో ప్రదర్శనలు ఆగిపోతాయని తెలిసి, 2022 డిసెంబరులో మా అమ్మాయి మళ్ళీ తీసుకువెళ్ళింది. ఆర్గాన్ గంభీరంగా మోగుతోంది. క్రిస్టీన్ మాటలు మాత్రం అందడం లేదు.

“మైకులు బాగాలేవమ్మా” అన్నాను.

“అందరికీ బాగానే వినబడుతోంది నాన్నా.”

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది హెచ్చు స్థాయి ధ్వనులే. స, ష, ఫ వంటి అక్షరాలు జారిపోతాయి. శబ్దం వినబడుతుంది, మాట అర్థం కాదు. ఎందరో రోగులకు చెప్పిన ఈ విషయం నాకే తట్టలేదు! తట్టలేదనడం కంటే, ఒప్పుకోలేదనడం నిజం.

విరామంలో, థియేటర్‌వారు ఉచితంగా ఇచ్చే శ్రవణ సాధనాన్ని అమ్మాయి తెచ్చి నా చెవులకు తగిలించింది. రెండో అంకంలో మాటలతోపాటు గాయని ఊపిరి తీయడం కూడా వినబడింది. కళ్ళు చెమర్చాయి.

మీ ఇంట్లో పెద్దలు టీవీ శబ్దం పెంచుతున్నా, “గొణగకుండా చెప్పు” అని విసుక్కుంటున్నా, చెవి పరీక్ష చేయించండి. నేను ఇండియాకు తిరిగి వచ్చిన వారంలోనే చేయించుకున్నాను. రెండు చెవులకూ యంత్రాలు కావాలన్నారు. మా అమ్మాయి ఆ మాట మూడేళ్ళుగా చెబుతూనే ఉందట.