అడగకుండా తీసిన బొమ్మ

మేం కంబోడియా వెళ్ళొచ్చి నెల దాటినా, ఇంటికొచ్చినవాళ్ళకి ఫోటోలు చూపించే కార్యక్రమం ఇంకా పూర్తి కాలేదు. వెనకటిలా ఆల్బం దించి దుమ్ము దులపక్కర్లేదుగా! కాఫీ గ్లాసు ఒక చేతికీ, ఫోను రెండో చేతికీ ఇచ్చేస్తే సరి.

మొన్న ఎదురింటి పిన్నిగారు వచ్చారు. అంగ్‌కోర్ వాట్ గోపురాల్ని "బాగున్నాయమ్మా" అంటూ చకచకా దాటేశారు. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన విష్ణ్వాలయమని నేను చెప్పబోతుంటే వినిపించుకోలేదు. ఒక్క ఫోటో దగ్గర మాత్రం ఆవిడ వేలు ఆగిపోయింది. అల్యూమినియం బేసినులో కూర్చుని, నీళ్ళమీద తేలుతూ, మెడలో పాము వేసుకున్న ఏడెనిమిదేళ్ళ పిల్ల.

"అయ్యో పాపం! ఎంత బాగా వచ్చిందమ్మా ఫోటో!" అన్నారు.

రెండు మాటలూ ఒక్క ఊపిరిలోనే వచ్చాయి. పిన్నిగార్ని తప్పుపట్టడం లేదు సుమండీ! ఆ ఫోటో తీస్తున్నప్పుడు నా మనసులో మెదిలినవీ ఆ రెండు మాటలే. పైగా నాకు రెండోదే ముందు తట్టింది.

సియెమ్ రీప్ ఊరికి దగ్గర్లో టోన్లే సాప్ అనే పెద్ద సరస్సుంది. వానాకాలంలో మెకాంగ్ పొంగినప్పుడు, సరస్సులోంచి బయటికి పారే నది కాస్తా వెనక్కి తిరిగి సరస్సులోకే పారుతుంది. సరస్సు ఎన్నోరెట్లు పెరుగుతుంది. దాంతోపాటు తేలే ఇళ్ళూ లేస్తాయి, మళ్ళీ దిగుతాయి. కొట్టూ, బడీ అన్నీ నీళ్ళమీదే. అక్కడుండేవాళ్ళలో చాలామంది పూర్వులు వియత్నాంవాళ్ళు. తరాలుగా అక్కడే పుట్టి పెరిగినా పౌరసత్వం కాగితాల్లేనివాళ్ళు ఎందరో. ఆ కాగితం లేనిదే నేలమీద సెంటు స్థలం కొనుక్కోవడానికి లేదు. ఇదంతా నేను తరవాత చదివి తెలుసుకున్నది. ఆ పూట నాకు తెలిసిందల్లా ఒక్కటే. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది!

మా పడవ నెమ్మదించగానే ఆ పిల్ల చిన్న చెక్కతో నీళ్ళు తోసుకుంటూ పక్కకొచ్చి, "వన్ డాలర్" అంది. నేను ఫోటో తీశాను. మావారు డాలరిచ్చారు. బేరం సరిపోయింది. ఫోను దించేసరికి, పిల్ల వెనకాల తేలే ఇంటి గుమ్మంలో ఒకావిడ కనిపించింది. చేపలు బాగుచేసుకుంటోంది కాబోలు. నావంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, దీనత్వమూ లేదు. చెయ్యి తుడుచుకుని లేచి, గుమ్మానికున్న తెర దించేసింది.

ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో వచ్చి మన వంటింట్లోకి ఫోను పెట్టి ఫోటోలు తీస్తే, మనమైతే తెర దించి ఊరుకుంటామా? మీరే చెప్పండి.

"డాలరిస్తే రేపు కూడా ఆ పిల్ల బడికి బదులు ఇక్కడికే వస్తుంది మేడమ్" అన్నాడు గైడు కుర్రాడు. అంత సౌమ్యంగా చెప్పేసరికి మరీ సిగ్గేసింది. పిల్లలు చూసిపోయే వింతలు కారని ఆ దేశంలో కొన్ని స్వచ్ఛంద సంస్థలు యాత్రికులకి పనిగట్టుకుని చెబుతున్నాయట.

ఆ రాత్రి హోటల్లో నిద్రపట్టలేదు. ఎక్కడో అడుగున ఉన్న సంగతి పైకి తేలింది.

1988. అమరావతిలో మా అమ్మమ్మ నన్ను అరుగుమీద కూర్చోబెట్టుకుని తలలో పేలు చూస్తోంది. ఇంట్లో కట్టుకునే నేతచీర, భుజం దగ్గర చిన్న చిరుగు. స్తూపం చూడ్డానికొచ్చిన దొరా, దొరసానీ మా ముందాగి, క్లిక్కుమనిపించి, నా చేతిలో ఒక పెన్ను పెట్టి చక్కాపోయారు. అమ్మమ్మకి నాలుగెకరాల మాగాణీ, రెండు పాడిగేదెలూ ఉన్నాయి. "పెట్టెనిండా పట్టుచీరలుంటే, ఈ చీరతోనా నన్ను పట్టుకుపోవడం!" అని వారంరోజులు బాధపడింది. ఏ దేశంలోనో, ఎవరి గోడమీదో మేమిద్దరం ఇప్పటికీ ఇండియా పేదరికంలా వేలాడుతున్నామేమో! నా పేలతో సహా.

1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠాణీలు కోసే కూలీల గుడారాల దగ్గర డొరొథియా లాంగ్ అనే ఫోటోగ్రాఫరు ఒక తల్లిని ఫోటో తీసింది. అక్కడి ఆకలి సంగతి పత్రికకెక్కగానే ప్రభుత్వం 20,000 పౌన్ల ఆహారం పంపింది. అప్పటికే ఆ తల్లి పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళిపోయింది. ఫోటో మాత్రం లోకమంతా తిరిగింది. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని జనానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. తన పేరైనా అడగలేదనీ, దానివల్ల తనకొక పైసా రాలేదనీ ఆవిడ నొచ్చుకుంది. 1983లో ఆవిడ జబ్బు పడితే మాత్రం, ఆ ఫోటోని మరిచిపోనివాళ్ళు 30,000 డాలర్లకి పైగా పంపారు. కాబట్టి పేదవాళ్ళ ఫోటో తియ్యడమే పాపమంటే నేనొప్పుకోను. కాని లాంగ్ ఆ ఆకలిని చెప్పడానికే వెళ్ళింది. నేను సెలవులు గడపడానికి వెళ్ళాను. ఆ తేడా దాచేస్తే ఎలా?

ఇక్కడితో ఆపేస్తే నాకే హాయి. కాని కెమెరా లేకుండా నేను తీసిన ఫోటో ఒకటుంది. పదేళ్ళ క్రితం మా ఇంట్లో పనిచేసినావిడ కథని పేరు మార్చి సీరియల్‌గా రాశాను. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నామని ఎందరో ఫోన్లు చేశారు. పొంగిపోయాను. ఒకరోజు కాలేజీలో చదివే ఆవిడ కూతురు వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "మా అమ్మ అంతలా ఏడవలేదండీ. రాసేముందు ఒక్కమాట అడగాల్సింది" అంది. నాకు నోట మాట రాలేదు. మర్నాటినించి ఆవిడ పనిలోకి రాలేదు. తెర దించెయ్యడమంటే అదే కదా.

సరస్సు చూసిన మర్నాడు, రోడ్డుపక్కన తాటిబెల్లం వండుతున్న ఒకావిడ దగ్గర ఆగాం. ఈసారి ఫోను చూపించి సైగతో అడిగాను. ఆవిడ నవ్వేసి, ఉండమని చెయ్యూపి, జుట్టు సవరించుకుని, గళ్ళ తువ్వాలు సరిగ్గా చుట్టుకుని, పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. తీశాక ఫోను అందుకుని చూసుకుని, బాగాలేదు, ఇంకోటి తియ్యమంది. తీశాను. రెండు బెల్లంపొట్లాలు కొన్నాను. ఆ ఫోటోలో గొప్ప వెలుతురూ లేదు, జాలిపడాల్సిందీ లేదు. తన బెల్లం తను అమ్ముకుంటున్న మనిషి ఉంది, అంతే.

పిన్నిగారు ఆ ఫోటోని ఒక్క చూపు చూసి దాటేశారు.

ఆవిడ వెళ్ళాక, బేసినులో పిల్ల ఫోటో మళ్ళీ తీశాను. ఆ వెనక ఆవిడ కూడా ఉంది, సరిగ్గా లేవబోతూ. చాలాసేపు చూసి, తీసేద్దామని నొక్కాను.

"నిజంగా తీసెయ్యమంటారా?" అని అడిగింది ఫోను.

చూశారా! ప్రాణంలేని వస్తువుకున్న పాటి మర్యాద ఆ రోజు నాకు లేకపోయింది.