వచ్చే మోడల్ వచ్చేదాకా...

సినిమావాళ్ళకి ‘త్వరలో’ అన్న మాట మీద ఎంత ప్రేమో, కంప్యూటర్లు అమ్మేవాళ్ళకీ అంతే ప్రేమ! ‘ఆర్‌ఆర్‌ఆర్’ సంగతే చూడండి. 2020 జూలై 30న అన్నారు. తర్వాత 2021 జనవరి 8 అన్నారు. అదే ఏడాది అక్టోబరు 13 అన్నారు. 2022 జనవరి 7 అన్నారు. చివరికి 2022 మార్చి 25న వచ్చింది (మధ్యలో కరోనా ఉందనుకోండి). మనకేం నష్టం? ఉన్న సినిమాలు చూసుకుంటూ కాలక్షేపం చేశాం. లాప్‌టాప్ ‘త్వరలో’ అలా కాదండీ. చేతిలో డబ్బు ఉంచుకుని, పాతది మొరాయిస్తుంటే దాన్ని బతిమాలుకుంటూ, ఎప్పుడొస్తుందో తెలియని కొత్తదాని కోసం గుటకలు మింగుతూ కూర్చోవాలి.

2025 నవంబరులో నా పరిస్థితి సరిగ్గా అదే. నా పాత లాప్‌టాప్ 2017 మొదట్లో కొన్నది. బరువు 2.3 కిలోలు. ఛార్జరు కలిపితే మూడు కిలోలకి కాస్త తక్కువ. ఆ అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. కావాలంటే ఇంకో ఏడాది రక్షణ పొడిగించుకోవచ్చన్నారు గానీ, విండోస్ 11 ఎక్కే భాగ్యం మాత్రం నా ముసలిదానికి లేదు. బ్యాటరీ సంగతి అడక్కండి. ఇరవై నిమిషాలు!

ఇరవై నిమిషాల బ్యాటరీతో సినిమా విలేకరి ఉద్యోగం ఎలా ఉంటుందో మీకు తెలియాలంటే ఒక్క ప్రెస్‌మీట్‌కి రావాలి. హాల్లో ప్లగ్గులుంటే నాలుగుంటాయి. నాలుగూ టీవీ కెమెరావాళ్ళవి. వాళ్ళు రెండు గంటలు ముందొచ్చి తమ బోర్డులు తగిలించేస్తారు. హీరోగారు గంటన్నర ఆలస్యంగా వస్తారు. మనం మూడు కిలోల సంచీ భుజానికి తగిలించుకుని, ప్లగ్గు కోసం గోడలు తడుముకుంటూ, చివరికి కాంటీన్ కుర్రాణ్ణి, “తమ్ముడూ, ఆ మిక్సీ ఓ పది నిమిషాలు తీస్తావా?” అని బతిమాలుకోవాలి.

అక్టోబరులో ఒక దర్శకుడితో ఇంటర్వ్యూ రాత్రి పదకొండింటికి అయింది. మంచి ఇంటర్వ్యూ. ఆయన ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పాడు. కారిడార్లోనే కూర్చుని సగం కొట్టాను. మిషన్ కన్నుమూసింది. ఇంటికెళ్ళి తగిలించి, మిగతాది పూర్తిచేసి పంపేసరికి పేజీ వెళ్ళిపోయింది. ఫ్రీలాన్సు బతుకులో జీతం ఉండదు, ఐటం పడితేనే డబ్బు. ఆ నెల అలా రెండు ఐటాలు పోయాయి.

సరే, కొనడం ఖాయం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. 14 అంగుళాల తెర, 1.2 కిలోల బరువు, 16 జీబీ మెమొరీ, ఇంటెల్ వాళ్ళు 2024 సెప్టెంబరులో తెచ్చిన లూనార్ లేక్ చిప్పు. ధర 86 వేలు. చేతిలోకి తీసుకుంటే సంక్రాంతి ప్రత్యేక సంచికలా ఉంది. ఇంతలో ఆ షాపు కుర్రాడే మెల్లగా, “అన్నా, జల్దీ లేకుంటే జనవరి దాకా ఆగరాదే. కొత్త చిప్పు వస్తున్నది” అన్నాడు.

అమ్మేవాడే ఆగమంటే ఇంకేం చేస్తాం! వాడన్నది నిజమే. అక్టోబరులోనే ఇంటెల్ పాంథర్ లేక్ గురించి చెప్పేసింది, జనవరిలో బజారుకి వస్తుందని. అదే నెల ఆపిల్ ఎమ్5 చిప్పుతో మాక్‌బుక్ ప్రో వచ్చింది. ఎయిర్‌కి మాత్రం ఇంకా రాలేదు. ఎటు చూసినా ‘త్వరలో’ బోర్డే.

ఈ ఆగడం అనే జబ్బుకి ఒకాయన పేరే పెట్టారు. ఆడమ్ ఆస్‌బర్న్. ఈయన మనకి మరీ పరాయివాడు కాదు సుమా! తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణ మహర్షి భక్తుడు. మన చలంగారు 1950లో వెళ్ళి స్థిరపడిన అరుణాచలంలోనే ఆడమ్ చిన్నతనం గడిచింది. పెద్దయ్యాక అమెరికాలో, 1981లో, ‘ఆస్‌బర్న్ 1’ అని పెట్టెలా మోసుకెళ్ళే కంప్యూటర్ తీశాడు. తెర 5 అంగుళాలు. బరువు 11 కిలోలు! ధర 1,795 డాలర్లు. జనం ఎగబడి కొన్నారు. 1983లో ఆయన ఇంతకంటే మంచిది వస్తోందని ముందే చాటేశాడనీ, దాంతో ఉన్నదాన్ని కొనడం అంతా మానేశారనీ చెబుతారు. సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా. అసలు కారణం పోటీ కంపెనీలని వాదించేవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి. ‘ఆస్‌బర్న్ ఎఫెక్ట్’ అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. ఆయన 2003లో కొడైకెనాల్‌లో పోయాడు.

నాకు ఈ కథలో నచ్చేది కంపెనీ కష్టం కాదు, కొనేవాళ్ళ సంగతి. ఆస్‌బర్న్ 1 కొందామనుకుని ఆగిన గుమాస్తాలూ, రచయితలూ ఆ నెలలన్నీ ఏం చేశారంటారు? ఆ లెక్క ఎవరూ రాయలేదు. అంచేత నా లెక్క నేనే వేసుకున్నాను.

మొదట బరువు. నేను కొనేది భుజం కోసం కదా! మరి కొత్త మోడల్ వస్తే బరువు తగ్గుతుందా? 2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద స్టీవ్ జాబ్స్ కాగితం కవర్లోంచి మాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడే, దాని బరువు 1.36 కిలోలు. 2020లో ఎమ్1 ఎయిర్ 1.29. 2022లో ఎమ్2 ఎయిర్ 1.24. 2024లో ఎమ్3, 2025లో ఎమ్4... అవీ 1.24 కిలోలే! అంటే ఆ 13 అంగుళాల రకంలో 17 ఏళ్ళకి తగ్గింది 120 గ్రాములు. ఇంటర్వెల్లో మనం తినే రెండు సమోసాలు! చిప్పు ఏడాదికోసారి మారుతుంది గానీ తెర, బ్యాటరీ, రేకు బరువు అలా మారవు. అసలు బరువు తగ్గేది ఛార్జర్లో. పెట్టె మీద రాసే బరువులో ఛార్జరు ఉండదు, గమనించారా? కొత్తవాటికి టైప్-సి పిన్ను కాబట్టి గుప్పెట్లో పట్టే 65 వాట్ల ఛార్జరు ఫోనుకీ దానికీ సరిపోతుంది. నా పాత ఛార్జరు ఇటుకంత ఉండేది.

తర్వాత, ఆ కొత్త చిప్పుతో నాకేం పని? గ్రాఫిక్స్ బాగా పెంచామని ఇంటెల్ వాళ్ళు చెప్పారు. నాకు తెలిసిన ఒక ఎడిటర్ ట్రైలర్లు కోస్తుంటాడు. ఆయన ఆగుతానన్నాడు. ఆగాలి కూడా, ఆయనకి ప్రతి నిమిషం అక్కడే మిగులుతుంది. నేను కోసేది మాటలు. ఇంటర్వ్యూ రికార్డింగు వింటూ తెలుగు కొట్టడం, పదిహేను ఫొటోలు చూడడం, పత్రికలవాళ్ళు పంపే పాత అను ఫాంట్ల ఫైళ్ళు విప్పుకోవడం. ఈ ఫైళ్ళ వల్లే నాకు విండోస్ తప్పదు కాబట్టి ఆపిల్ సంగతి అక్కడితో సరి. కావలసిందల్లా ప్లగ్గు లేకుండా ఒక పూట గడవడం. అది 2024 చిప్పే ఇస్తోంది.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. ఈ పల్చటి మిషన్లలో చాలావాటికి మెమొరీ బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. 8 జీబీది పన్నెండు వేలు తక్కువకి వస్తుందన్నా వద్దన్నాను. షాపులో నిలబడి ఇన్‌స్క్రిప్టులో ఒక పేరా తెలుగు కొట్టి చూశాను కూడా. కుర్రాడు వింతగా చూశాడు. చూడనివ్వండి! విడి అచ్చులూ మహాప్రాణాలూ పడాలంటే షిఫ్ట్ మీద చిటికెన వేలు రోజంతా ఆడాలి. ఆ మీట గట్టిగా ఉంటే ఒళ్ళు ఎంత తేలికైనా దండగే.

ఇక డబ్బు. జనవరిలో కొత్తవి వచ్చాక పాతవి ఓ ఏడెనిమిది వేలు తగ్గుతాయని ఆశ. సరే, ఆ జనవరిలో ఇంకేం వస్తుంది? సంక్రాంతి! మా వృత్తిలో పంట ఇంటికొచ్చేది అప్పుడే. డిసెంబరు నుంచి పాటల ఫంక్షన్లు, టీజర్లు, ఇంటర్వ్యూలు, పండక్కి వరసగా సినిమాలు. అక్టోబరులో పోయినట్టే నెలకి రెండు ఐటాలు పోయినా, తగ్గే ఏడెనిమిది వేలూ అక్కడే చెల్లు. పైగా ఐటం పోవడమంటే డబ్బొక్కటే కాదు. రెండుసార్లు ఆలస్యమైతే మూడోసారి ఆ ఫోను ఇంకొకరికి వెళుతుంది.

ధర తగ్గడం కూడా ఒట్టి ఆశే అనిపించింది. ఏఐ డేటా సెంటర్లకి మెమొరీ చిప్పులు ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో వాటి ధరలు మండిపోయాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మామూలు జనానికి క్రూషియల్ పేరుతో మెమొరీ అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నామని ప్రకటించింది. పాత సరుకు చవకవుతుందన్న లెక్క నడిచే రోజులు కావవి.

నవంబరు చివరి వారంలో ఆ 86 వేలదే తీసుకున్నాను. సగం నగదు, సగం వాయిదాలు. జనవరిలో లాస్‌వేగాస్ ప్రదర్శన వార్తలొచ్చాయి. వాటిని దీని మీదే చదివాను, కృష్ణానగర్‌లో ఒక టీకొట్టు బల్ల మీద, హీరోగారి కోసం ఎదురుచూస్తూ. సంక్రాంతికి మూడు సినిమాల రివ్యూలు, రెండు ఇంటర్వ్యూలు వేళకి అందాయి. మొదటి రెండు వాయిదాలు ఆ డబ్బులోంచే కట్టాను. పాతదాని మీద ఇప్పుడు మా అన్నయ్యగారి పాప బొమ్మలేసుకుంటోంది. ప్లగ్గు పక్కనే కూర్చుని లెండి.