ఫారంలో మతం గడి

మా ఇంట్లో పరలోక ప్రార్థన రెండు భాషల్లో నడుస్తుంది. నాన్నది సోంపేట వైపు, ఆయన తెలుగులో చెప్తారు. అమ్మది ఖల్లికోట, ఆమెది ఒడియా. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆమేన్ అంటారు గానీ, నాన్న ‘శోధన’ అనే చోట అమ్మ ‘పరీక్ష’ అంటుంది. చిన్నప్పుడు సెలవులకి ఖల్లికోట వెళ్తే మా ఆయి, అంటే అమ్మమ్మ, పక్కన మోకాళ్ల మీద ఉండేదాన్ని. నన్ను లెక్కల పరీక్షకి తీసుకెళ్లొద్దని ఆయి దేవుణ్ణి అడుగుతోందనుకుని గట్టిగా ఆమేన్ అనేదాన్ని.

నిజానికి రెండు మాటలూ సరైనవే. గ్రీకు మూలంలో ఉన్న ‘పెయిరాస్మోస్’కి పరీక్ష, ప్రలోభం అని రెండర్థాలూ ఉన్నాయి. మనకి మాత్రం ప్రలోభం అనగానే ఏదో చెడ్డదే కళ్లముందుకొస్తుంది, సారా సీసా, నోట్ల కట్ట. అలా కనపడితే గుర్తుపట్టడం ఏం కష్టం?

మత్తయి సువార్త 4వ అధ్యాయం చూడండి. యేసు 40 రోజులు ఉపవాసం ఉన్నాక అపవాది మొదట అడిగింది రొట్టె గురించి. ఆకలేసినవాడు రొట్టె తినడం పాపమా? తర్వాత దేవాలయ శిఖరం మీద నిలబెట్టి ఏకంగా కీర్తనల్లోంచి వాక్యమే చెప్పాడు. (సండే స్కూల్లో కంఠతా బహుమతి అతనికే రావాలి.) లూకా చివరి రెండు శోధనల వరుస మార్చాడు గానీ రొట్టెని కదపలేదు. అవసరం ఉన్నచోటే శోధన మొదలవుతుందని నాకు అర్థమైంది.

నాకది ఫారం రూపంలో వచ్చింది.

మాది దళిత క్రైస్తవ కుటుంబం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులం హోదాని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులకి, ముస్లింలకి ఇప్పటికీ లేదు. ఆంధ్రాలో మా నాన్న తరఫువాళ్లు బీసీ-సిలో, ఒక్క శాతం కోటాలో ఉన్నారు. ఈ మతం షరతు తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. సుప్రీంకోర్టులో కేసు 2004 నుంచి ఉంది, అంటే నాకంటే పెద్దది.

పోయినేడు స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి బరంపురంలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. మతం గడి దగ్గర ఆ అన్న టైపు చెయ్యడం ఆపాడు. “హిందూ అని పెట్టెయ్యనా చెల్లీ? మీ తాతగారి పాత సర్టిఫికెట్ ఇంట్లో ఉండే ఉంటుంది. నీ పేరు చూస్తే ఎవరికీ తెలీదు కూడా” అన్నాడు. ఆయన మంచివాడు. ఆ నెల నాన్నకి జీతం ఆగిందని తెలిసే అన్నాడు. అంతకుముందు ఆదివారమే మా చర్చిలో ఒక ఆంటీ, “దేవుడు మనసు చూస్తాడమ్మా, ఫారం చూడడు” అంది. రొట్టె, వాక్యం రెండూ ఒకే వారంలో!

యేసు వాదన పెట్టుకోలేదు. మూడుసార్లూ చిన్న జవాబే ఇచ్చాడు, మూడూ ద్వితీయోపదేశకాండంలోవే. అక్కడికక్కడ ఆలోచించి చెప్పినవి కావు, ఎప్పుడో మనసులో పెట్టుకున్నవి. పోతీఫరు ఇంట్లో యోసేపైతే వస్త్రం వదిలేసి బయటికి పరుగెత్తాడు. నేను “క్రిస్టియన్ అనే పెట్టండన్నా” అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

స్కాలర్‌షిప్ రాలేదు. నాన్న నష్టానికి చీటీ పాడి ఫీజు కట్టారు. ఒక్క మాట అనలేదు. నిజం రాసింది నేను, నష్టం ఆయనకి. ఈ లెక్క నాకింకా తేలలేదు.

హిందూ అని రాసినవాళ్లు మా చర్చిలోనే ఉన్నారు. ఆదివారం నా పక్కనే కూర్చుని పాడతారు. వాళ్లని ఏమంటాను? ఆకలేసినవాళ్ల ముందు రాళ్లు పెట్టింది వాళ్లు కాదు కదా. ఆ రూలు అన్యాయమే. దానికి వ్యతిరేకంగా సంతకం పెట్టమంటే ముందు నేనే పెడతాను. కానీ ఆ గడిలో రాసేది నా పేరు లాంటిది, ఒక ఏడాది ఫీజు కోసం మార్చుకోలేను.

మొన్న ఖల్లికోట వెళ్లినప్పుడు ఆయిని అడిగాను, ఇలాంటివి దేవుడే పెడతాడా అని. ఆయి చేపలు తోముతూ, “పరీక్ష పెట్టే మాస్టారు వేరు, కిటికీలోంచి స్లిప్పు అందించేవాడు వేరు” అంది. ఆయి ఐదో తరగతి దాకానే చదివింది.

వచ్చే నెల ఫారాలు మళ్లీ మొదలవుతాయి. నాన్న తోడొస్తానన్నారు, నేనే వద్దన్నాను. ఆయన చొక్కా జేబులో చీటీ పుస్తకం కనపడుతుంటే నా నోట మాట వస్తుందో రాదో. మతం గడి దగ్గర ఆ అన్న మళ్లీ ఆగుతాడు, నాకు తెలుసు. అందుకే ఈసారి అన్ని గళ్లూ ఇంట్లోనే కాగితం మీద నింపేసి, టైపు చెయ్యమని ఆయన చేతికిస్తాను.