గలిలయ కొండ మీద బిరాం

మన సంఘాల నుంచి పరిశుద్ధ స్థలాల యాత్రకు వెళ్లే బస్సులు బేత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం, యెరూషలేము చుట్టి వస్తాయి. లెబనాన్ సరిహద్దు దగ్గర, ఎగువ గలిలయ కొండల్లో ఉన్న బిరాం ఊసే ఎవరూ ఎత్తరు. 2023 యుద్ధానికి ముందు గలిలయకు వెళ్లినప్పుడు, మా గుంపు తిబెరియలో విశ్రాంతి తీసుకుంటున్న పూట టాక్సీ మాట్లాడుకుని, సఫేదు మీదుగా నేనొక్కడినే అక్కడికి వెళ్లాను.

ఇప్పుడది జాతీయ పార్కు. టికెట్ కొని లోపలికి వెళ్తే ముందు కనిపించేది రోమన్ల కాలం నాటి యూదుల సమాజమందిరం. దక్షిణాన యెరూషలేము వైపు తిరిగిన గోడ ఇంకా నిలిచే ఉంది. దానికి మూడు గుమ్మాలు, ముందు రాతి స్తంభాలు. యూదులకు ఈ నేలతో సంబంధం ఇజ్రాయెల్ ఏర్పడిన 1948లోనే మొదలైందనేవాళ్లు ఈ గుమ్మం దాకా వచ్చి చూడాలి. యెరూషలేములోని యూదుల మారణహోమ స్మారకం యాద్ వషేమ్‌లో, హిట్లర్ ప్రభుత్వం, దాని తొత్తులు చంపిన పదిహేను లక్షల మంది యూదు పిల్లల్లో ఎందరి పేర్లనో చీకటి గదిలో ఒక్కొక్కటిగా చదువుతుంటే విన్నాను. ఆ జాతికి తలదాచుకునే దేశం ఉండి తీరాలి. ఆ నెత్తుటిలో క్రైస్తవ ఐరోపాకు భాగముందని మనం మరవకూడదు.

నాలుగు అడుగులు వేస్తే పైకప్పుల్లేని రాతి ఇళ్లు. ఒక గది మధ్యలో అంజూరపు చెట్టు మొలిచింది. మిట్ట మీద మరొనైట్ క్రైస్తవుల చర్చి. 1948 నవంబరులో ఇజ్రాయెల్ సైన్యం ఈ ఊరిని ఖాళీ చేయించింది. కొన్నాళ్లకే తిరిగి రావచ్చంది. ఊరివాళ్లు నమ్మారు. చాలామంది పక్కనే ఉన్న జిష్‌కు చేరి ఎదురుచూశారు. మరుసటి ఏడాది వాళ్ల పొలాల్లో కిబ్బుత్జ్ అనే యూదుల సామూహిక వ్యవసాయ స్థావరం వెలిసింది. 1953 సెప్టెంబరు 16న వైమానిక దళం ఇళ్లు కూల్చింది, చర్చి మిగిలింది. పడమర ఉన్న ఇక్రిత్‌ది ఇంకా ఘోరం. తిరిగి వెళ్లవచ్చని 1951లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు సైన్యం ఆ ఊరి ఇళ్లు పేల్చేసింది. 1972లో ప్రధాని గోల్డా మేయర్ ప్రభుత్వమూ ఈ రెండు ఊళ్లవాళ్లు తిరిగి రావడానికి ఒప్పుకోలేదు. వీళ్లను రానిస్తే ఇళ్లు పోగొట్టుకున్న మిగతా పాలస్తీనీయులూ అడుగుతారని భయం.

బిరాంవాళ్లు ఇజ్రాయెల్ పౌరులు, ఓటర్లు. బిరాం చర్చిలో పెళ్లి చేసుకోవచ్చు, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించవచ్చు, చనిపోతే అక్కడే సమాధి చేయించుకోవచ్చు. కాపురం ఉండటానికి మాత్రం వీల్లేదు. సమాధుల దగ్గర జిష్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన పలకరాయి కడుగుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన క్రైస్తవుణ్ణని చెప్పగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మోకాలెత్తున మిగిలిన గోడ ఒకటి చూపించారు. వాళ్ల నాన్నగారి ఇల్లట.

నాబోతు ద్రాక్షతోట కథ సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అది జరిగిన యెజ్రెయేలు కూడా ఈ దేశంలోనే ఉంది. ఆ తోట కాజేసిన అహాబు ఇశ్రాయేలుకు రాజే, అయినా దేవుడు ఏలీయాను పంపి నిలదీయించాడు. వాగ్దాన దేశమంటూ ప్రసంగించే మన బోధకులు కొందరు ఇజ్రాయెల్ ప్రభుత్వం ఏం చేసినా ప్రవచన నెరవేర్పే అనేస్తారు. నేను ఒప్పుకోను. 2023 అక్టోబరు 7న హమాస్ సాగించిన హత్యాకాండను ఖండించిన నోరే, ఆ నెలలోనే గాజాలో సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్లు ఇజ్రాయెల్ దాడిలో చనిపోయినప్పుడూ లేవాలి. చాలా మందిరాల్లో లేవలేదు.

యాత్రకు బయల్దేరే సంఘాలకు నా విన్నపం ఒక్కటే. సరిహద్దు ప్రశాంతంగా ఉన్నప్పుడు మీ ప్రయాణంలో ఒక ఆదివారం జిష్‌కు కేటాయించండి. అక్కడి చర్చిలో బిరాంవాళ్ల పక్కన కూర్చుని ఆరాధించండి, వాళ్ల మాట వినండి. బస్సు మాట్లాడేటప్పుడే ఈ సంగతి గట్టిగా అడగండి.