దూది నొప్పి

ఉమ్ అల్ క్వైన్‌లో మా ఇంట్లో ఉండేది నలుగురం. నేను, మా ఆయన, మా అమ్మాయి, దూది. దూది తెల్ల కుందేలు. మూడేళ్ళది. ఆడ కుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో కేన్సర్ వచ్చే ప్రమాదం బాగా ఎక్కువని, ముందే తీయించేస్తే మంచిదని డాక్టరు చెప్పారు. సరేనన్నాం.

ఆ రోజు తెల్లారకముందే లేచి దూది దగ్గర ఎండుగడ్డి తీసేశాను. ఆపరేషనంటే ఖాళీ కడుపుండాలి కదా! షార్జా ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్తే "అయ్యో, వెంటనే పెట్టేయండి" అన్నారు. కుందేలు వాంతి చేసుకోలేదట. కాబట్టి మనుషుల్లా దాన్ని పస్తుంచక్కర్లేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. తిండి మానేసి అవి ఆగిపోతే ప్రాణం మీదకొస్తుంది. నొప్పెడితే తినదు, తినకపోతే పేగులు ఆగిపోతాయి. అందుకే కుందేలుకి నొప్పి తగ్గించడమంటే దాన్ని బతికించడమే.

ఆపరేషన్‌కి ముందే నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు. మత్తులో ఉండేదానికి అదెందుకని అడిగాను. "మత్తులో దానికి తెలియదు గానీ ఒంటికి తెలుస్తుంది. నొప్పి ముదిరాక తగ్గించడం కష్టం" అన్నారు డాక్టరు. ఇంట్లో వేయడానికి మెలాక్సికామ్ అనే మందు, మోతాదు రాసి ఇచ్చారు. మనం వేసుకునే మాత్రలేవీ మా అంతట మేం వేయకూడదని గట్టిగా చెప్పారు.

సాయంత్రం ఇంటికొచ్చాక దూది ఓ మూల ముడుచుకుని కూర్చుంది. అరుపూ లేదు, మూలుగూ లేదు.

"పాపం, నిద్రపోతోంది. కదపకు" అన్నాను.

"నిద్ర కాదమ్మా. దాని ముఖం చూడు" అంది మా అమ్మాయి.

దాని చేతిలో డాక్టరు ఇచ్చిన బొమ్మల కాగితం ఉంది. కుందేలు నొప్పిని ముఖం చూసి కొలిచే పద్ధతట, 2012లో వచ్చింది. కళ్ళు, బుగ్గలు, ముక్కు, మీసాలు, చెవులు, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేయాలి. దూది కళ్ళు సగం మూసుకుపోయాయి. బుగ్గలు పీక్కుపోయాయి. చెవులు వెనక్కి తిరిగిపోయాయి. చెవి దగ్గర పెట్టి వింటే పళ్ళు నూరుతున్న చప్పుడు. కొత్తిమీర పెడితే వాసన కూడా చూడలేదు.

అడవిలో నొప్పి బయటపెట్టిన కుందేలు ముందు నక్కకి దొరుకుతుంది. ఆ అలవాటు మా హాల్లో సోఫా పక్కన కూడా పోలేదు.

రాత్రి పదింటికి మళ్ళీ అజ్మాన్ దాటుకుని షార్జా పరుగెత్తాం. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. మెత్తగా కలిపిన గడ్డిపిండి సూదిలేని సిరంజితో ఎలా పట్టాలో చూపించారు. రాత్రంతా వంతులు వేసుకుని కొంచెం కొంచెంగా పట్టాం. తెల్లారుతుండగా మా అమ్మాయి కేక: "అమ్మా, పెంటికలు!" ట్రేలో నాలుగే నాలుగు, చిన్న చిన్నవి. ముగ్గురం వంగి వాటికేసి చూస్తూ నవ్వుకున్నాం. కాసేపటికి దూది కొత్తిమీర కాడ ఒకటి అందుకుంది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. పోయినేడాది కాకినాడలో మోకాలి ఆపరేషనైంది. రోజూ ఫోన్ చేసేదాన్ని. "బాగానే ఉన్నానమ్మా, నువ్వు కంగారుపడకు" అనేది. గొంతు మామూలుగానే ఉందని నమ్మేశాను. రాత్రుళ్ళు దిండు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేదని మూడు నెలల తర్వాత వదిన చెప్పింది. దూదికి మాటలు రావు. అమ్మకి వచ్చు, కానీ చెప్పదు.

ఆ పొద్దున్నే వీడియో కాల్ చేశాను.

"ఏంటే, ముఖంలోకి అలా చూస్తున్నావు?" అంది అమ్మ.

"ఏం లేదులే. కాస్త వెలుతురులోకి రా" అన్నాను.